పాతమొగ పదకొండు బారలు

మల్లాడి గంగాద్రి శంఖాల సంచీ భుజాన వేసుకుని నాలుగోసారి కూడా వచ్చి ల్యాబు వరండాలో కూర్చున్నాడని వాచ్‌మన్ చెప్పగానే డాక్టర్ పైడితల్లికి ఒళ్ళు మండింది. మూడుసార్లు నచ్చజెప్పింది ఆ మనిషికి. మూడుసార్లూ అంతా అర్థమైనట్టే తల ఊపి, దండం పెట్టి వెళ్ళి, నెల తిరక్కుండా మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు.

"మీటింగులో ఉన్నానని చెప్పు."

"చెప్పానండీ. అయ్యేదాకా కూర్చుంటానన్నాడు. కేరేజీ కూడా తెచ్చుకున్నాడు," అన్నాడు వాచ్‌మన్.

అసలే ఆ వారం పైడితల్లి మనసు మనసులో లేదు. అప్పుడు శంఖాలు పరీక్షించే లోతుమాని యంత్రంలో ఉన్నవి ఏ ఊరివో కాదు, సొంత ఊరి శంఖాలు. భీమిలి దాటి ఉత్తరాన, ఇసుక తిన్నెల మధ్య ఉన్న శెంకుదిబ్బ ఆమె పుట్టిన ఊరు. ఇరవయ్యో తేదీన హక్కుల కమిటీ ఆ ఊరికి సముద్రంలో ఎంత వాటా ఉందో తేల్చబోతోంది.

చట్టం వచ్చి ఆరేళ్ళయింది. తీరంలో ఒక్కొక్క ఊరి తాతముత్తాతలు ఎంత లోతు నుంచి శంఖాలు ఏరుకొచ్చారో అంతవరకూ సముద్రం ఆ ఊరిది. ఆ గీత దాటితే ఇసుక తవ్వే ఓడలది. మరి తాతలు ఎంత లోతు దిగారో ఎవరు చెప్పాలి? ఊరి పెద్దల మాట చెల్లదు, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు అన్నారు అధికారులు. కానీ ప్రతి ఊళ్ళోనూ పాత శంఖాల కుప్పలున్నాయి. వాటి నోరు విప్పించే యంత్రం పైడితల్లి దగ్గర ఉంది.

లోతుమాని చూడ్డానికి పిండిమర అంత ఉంటుంది. శంఖాన్ని బిగించి మూత వేస్తే సన్నటి వెలుగు సూది దాని పొరల్ని ఒక్కొక్కటిగా గీకి ఆ పొడిని పీల్చుకుంటుంది. శంఖం తన చుట్టూ పేర్చుకునే సున్నంలో రెండు రకాల ఆక్సిజన్ ఉంటుంది, బరువైనది ఒకటి, తేలికైనది ఒకటి. నీళ్ళు చల్లబడేకొద్దీ బరువైనది ఎక్కువ చేరుతుంది. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు చల్లబడతాయి. కాబట్టి పొరలో బరువైనది ఎంత ఉందో చూస్తే, ఆ శంఖంలోని పురుగు ఎంత లోతులో బతికిందో చెప్పేయవచ్చు. ఎంత వేడికి ఎంత లోతో చెప్పే పట్టిక పైడితల్లి సొంతంగా తయారుచేసింది. చట్టం వెనక షెడ్యూలులో దాన్ని అచ్చు వేశారు కూడా. ల్యాబులో లోతుమానికి ముద్దుపేరు అత్తగారు. ఎంత శుభ్రంగా తోమి పెట్టిన శంఖాన్నయినా ఏదో ఒక వంక చెప్పి రెండుసార్లు బయటికి తోసేస్తుందని ఆ పేరు.

ఇక తప్పదనుకుని పైడితల్లి వరండాలోకి వెళ్ళింది. గంగాద్రి గభాలున లేచి నిలబడ్డాడు. అరవై దాటి ఉంటాయి. గోదావరి సముద్రంలో కలిసేచోట పాతమొగ అనే ఊరు ఆయనది. రెండేళ్ళ క్రితం ఆ ఊరి శంఖాలు నాలుగు బారల లోతులో పెరిగినవని లోతుమాని తేల్చింది. బార అంటే రెండు చేతులూ చాపినంత, ఆరడుగులు. నాలుగు బారల దగ్గర గీత గీశారు. ఆర్నెల్లు తిరక్కుండా గీత అవతల ఓడ వచ్చి కూర్చుంది.

"మా నాన్న పదకొండు బారలు దిగేవోడండి మేడంగారూ. నడుముకి తాడు కట్టుకుని దిగేవోడండి. పైనుంచి ఆ తాడు పట్టుకున్నది నేనేనండి. పదకొండు బారలు వదిలాక గానీ ఆయన కాళ్ళు నేలకి ఆనేవి కాదండి."

"గంగాద్రిగారూ, మీ మాట నేను కాదనడం లేదు. మీ శంఖాలు అలా చెప్పడం లేదు. ఇరవై ఎనిమిది శంఖాలు చూశాం. అన్నీ వెచ్చటి నీళ్ళలో పెరిగినట్టే ఉన్నాయి. పదకొండు బారల కింద నీళ్ళు అంత వెచ్చగా ఉంటాయా, మీరే చెప్పండి."

"ఉండవండి. చల్లగానే ఉంటాయండి. ఆయ్."

"మరి?"

"అదేనండి నాకూ తెలీట్లేదు. ఒక్కసారి శ్రావణంలో మా ఊరు రండి. మా నీళ్ళు వేరండి. మామూలప్పుడు పడవ మీద అన్నం వండుకుంటే ఎసట్లో సగం సముద్రం నీళ్ళే పోసేత్తామండి, ఉప్పు దాంతోనే సరిపోద్దండి. గోదారి పొంగి వచ్చిందనుకోండి, రెండు మూడు నెలలపాటు ఇంటికాడ నుంచి ఉప్పు పొట్లం కట్టుకెళ్ళాలండి. లేపోతే అన్నం నోట్లో పెట్టుకోలేమండి."

"ఇది అన్నం సంగతి కాదండీ!" అరిచినంత పని చేసింది పైడితల్లి.

గంగాద్రి సంచీ బల్ల మీద పెట్టి, "కొత్తవి తెచ్చానండి, మా నాన్న తెచ్చినవే. తీరికున్నప్పుడు చూడండి. అక్కడ ఓడ తవ్వుతా ఉందండి. అడుగంతా గోతులు పడిపోయిందండి," అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక పైడితల్లికి ఇంకా చిరాకు పుట్టింది. తిట్టినా తిరిగి తిట్టని మనుషులతో ఏం చెయ్యాలో ఆమెకు ఎప్పుడూ తెలియదు. సంచీని అల్మరాలోకి తోసి లోపలికి వచ్చింది.

మధ్యాహ్నం మూడు గంటలకు అత్తగారు శెంకుదిబ్బ సంగతి తేల్చింది. ముప్పై బారలు.

పైడితల్లి కుర్చీలో కూలబడింది. పన్నెండో పదిహేనో వస్తే చాలని ఆశపడింది తను. ముప్పై బారలంటే ఊరి ముందున్న రాతిగుట్టలు, శంఖాల నేల, వేట సాగే మేరంతా ఊరిదే. ఓడ పొగ కూడా కనిపించనంత దూరంలో ఉంటుంది. సొంత ఊరికి నువ్వే కొలవడమేమిటని ఇద్దరు ముగ్గురు గొణిగారు గానీ, యంత్రానికి కులం లేదు, ఊరు లేదు అని కమిటీయే వాళ్ళ నోరు మూయించింది.

చిన్నప్పుడు, ఆమెకు పదేళ్ళప్పుడు, సర్వేకి వచ్చిన ఒక అధికారి బండియ్య మావయ్యను అందరి ముందూ పట్టుకుని, వీడు నోటికొచ్చింది వాగుతున్నాడు అన్నాడు. నాన్న వేటకు వెళ్ళి తిరిగి రాకపోతే ఆమెను పెంచి చదివించిన మనిషి ఆయన. ఆ రోజు ఆయన తలవంచుకుని నిలబడ్డ తీరు చూసి ఆమెకు ఏడుపొచ్చింది. తమవాళ్ళ మాటకు ఎదురులేని సాక్ష్యం ఒకటి ఉండాలని ఆనాడే అనుకుంది. అంత పట్టుదలా చివరికి ఈ పిండిమరగా తయారైంది.

వెంటనే ఫోను చేసింది. "మావా! ముప్పై బారలు!"

"ముప్పయ్యా?" అన్నాడు బండియ్య. "సరేలే. ఆదివారం రా. మాటాడదాం."

ఆదివారం ఆమె వెళ్ళేసరికి సంగతి ఊరంతా పాకిపోయింది. బస్సు దిగ్గానే డప్పులు. ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు, ఎవరో నోట్లో మైసూరుపాకు కుక్కారు. ఆడవాళ్ళు ఒకళ్ళ తరవాత ఒకళ్ళు వచ్చి మెటికలు విరిచి దిష్టి తీశారు. బండియ్య మాత్రం ఆ గోలలోకి రాలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, తీరం దగ్గర ఫైబర్ తెప్ప పక్కన నిలబడి, "ఎక్కు," అన్నాడు.

గట్టు చిన్నదిగా కనిపించేదాకా వెళ్ళి ఇంజను ఆపాడు.

"ఇప్పుడు సెప్పు. ముప్పై బారలు ఎవలు దిగినారే? మా అయ్య దిగినాడా, మా తాత దిగినాడా? పన్నెండు బారలు దిగితేనే సెవుల్లోంచి రగతం వొచ్చీది మాకు."

"శంఖాలు చెప్పాయి మావా."

"శెంకు నీతో మాటాడిందేటి?"

పైడితల్లికి ఉక్రోషం వచ్చింది. ఆక్సిజన్ సంగతి, వేడి సంగతి, పట్టిక సంగతి చెప్పుకుపోయింది. ఆయన వింటూనే తెప్ప అంచున కూర్చుని, తాపీగా ఒక కాలు నీళ్ళలోకి వదిలాడు. కాస్త ముందుకు తోసుకెళ్ళాడు. మళ్ళీ కాలు పెట్టాడు. ఇంకాస్త.

"ఇదిగో, ఇక్కడ. నువ్వూ ఎట్టి సూడు."

ఆమె కాలు పెట్టి ఠక్కున వెనక్కి లాక్కుంది. నెత్తిమీద చైత్రమాసపు ఎండ మాడ్చేస్తోంది. నీళ్ళు మాత్రం కుండలో నీళ్ళలా జివ్వుమన్నాయి.

"ఇది సలినీరు," అన్నాడు బండియ్య. "ఈ రెండు మూడు నెలలూ అడుగునుంచి పైకి లేసొత్తాది. దాంతోటే మేతొత్తాది. అప్పుడే శెంకు ఇసకలోంచి బయటికొచ్చి తింతాది, ఎదుగుతాది. నీరు యెచ్చబడితే ఇసకలోకి దూరిపోతాది, మరి కనపడదు. అందుకే కాలెట్టి సూసి, సలి మోకాలి దాకా పాకితేనే దిగీవోళ్ళం. ఇది తెల్దేటి నీకు? సిన్నప్పుడు ఇక్కడే కదా పళ్ళు కొట్టుకుంతా ఈదీదానివి?"

తెలుసు. ఆ చలి ఒంటికి తెలుసు. పట్టిక రాసేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. డిసెంబరులో పెద్ద ఓడ ఎక్కి, తీరానికి దూరంగా ఒకే ఒక్కచోట తాడు వదిలి, ప్రతి బారకూ ఎంత వేడి ఉందో రాసుకుంది. తీరం మొత్తానికీ అదే పట్టిక. శంఖాలు ఏరేవాళ్ళు ఎక్కడ దిగుతారు, ఏ నెలలో దిగుతారు, ఎందుకు అక్కడే దిగుతారు అని ఎవరినీ అడగలేదు. శంఖాలు ఏరే ఇంట్లో పుట్టింది కాబట్టి అడగాల్సినదేమీ లేదనుకుంది!

సంచీలో ఎప్పుడూ ఉండే తాడు థర్మామీటరు తీసి నీళ్ళలోకి వదిలింది. పన్నెండు బారల దగ్గర ఇరవై రెండు డిగ్రీలు. పట్టిక ప్రకారం అక్కడ ఇరవై ఏడు ఉండాలి. పట్టికలో ఇరవై రెండు వచ్చేది ముప్పై బారల దగ్గర. మూడుసార్లు వదిలింది. మూడుసార్లూ అంతే.

"మరి ఇందాక అందరి ముందూ ఎందుకు చెప్పలేదు మావా?"

"ఎందుకు సెప్తాను? మిసను ముప్పై అంతే ముప్పయ్యే. మంచిదే కదా. నువ్వు సదువుకున్నదానివి, నీకు తెలిసుండాల అని సెప్పినాను." ఇంజను తాడు లాగుతూ ఆయన నవ్వాడు. "ఇంకెవలికీ సెప్పను."

గట్టు మీద డప్పులు ఇంకా మోగుతున్నాయి.

తిరుగు బస్సులో ఆమె తనను తాను తిట్టుకుంటూ కూర్చుంది. చలినీరు శంఖాన్ని లోతుగా చూపించింది. అంటే లోతు లేకపోయినా లోతున్నట్టు. మరి లోతుండి కూడా లేనట్టు చూపించేది ఏదైనా ఉందా? మధురవాడ దగ్గర బస్సు ఆగి ఎవరో దిగుతుండగా, అన్నంలోకి ఉప్పు పొట్లం కట్టుకెళ్ళే గంగాద్రి గుర్తొచ్చాడు. ఆమె నోటి నుంచి చిన్న కేక వచ్చింది. పక్కన కూర్చున్నావిడ, ఏమైందమ్మా అని అడిగింది.

వాన నీళ్ళలో తేలిక ఆక్సిజన్ ఎక్కువ. నది తెచ్చేది వాన నీళ్ళే. సముద్రంలో ఉప్పు తగ్గిపోయేంతగా గోదావరి కలిస్తే, ఆ నీళ్ళలో పెరిగే శంఖం పొరలో కూడా తేలికదే చేరుతుంది. చల్లటి నీళ్ళలో ఉన్నా వెచ్చటి నీళ్ళలో ఉన్నట్టే కనిపిస్తుంది. పదకొండు బారలు నాలుగవుతాయి. జవాబు కేరేజీ కట్టుకుని వచ్చి నాలుగుసార్లు వరండాలో కూర్చుంటే, తను మీటింగులో ఉన్నానని చెప్పించింది.

సోమవారం పొద్దున్నే అల్మరాలోంచి గంగాద్రి సంచీ బయటికి తీసింది. ఈసారి ఆక్సిజన్‌తోపాటు బేరియం కూడా చూడమని లోతుమానికి చెప్పింది. నది మట్టితోపాటు బేరియం వస్తుంది, సముద్రం మధ్యలో అది అంతగా ఉండదు. అత్తగారు ఎప్పటిలాగే మొదటి శంఖాన్ని రెండుసార్లు బయటికి తోసేసింది. పైడితల్లి దాని మూత మీద గట్టిగా ఒక్కటి చరిచింది. మూడోసారి తీసుకుంది. ఏటేటా ఒక గుంపు పొరల్లో బేరియం ఎగబాకింది, సరిగ్గా వరద నెలల్లో. ఆ పొరల్ని పక్కనపెట్టి, వేసవి పొరల్ని మాత్రమే, పాత పట్టికతో కాకుండా ఆ తీరంలో వేసవి నీళ్ళ వేడితో లెక్కకట్టి చూసింది. పదకొండు బారలు. రెండో శంఖం పదకొండున్నర. మూడోది మళ్ళీ పదకొండు.

బుధవారానికి అంతా రాసుకుని డైరెక్టర్ భానుమూర్తి గదిలోకి వెళ్ళింది. ఆయన మంచివాడే. రిటైర్మెంటుకు ఏడాది ఉంది, ఆ ఏడాది ప్రశాంతంగా గడవాలని కోరుకునేవాడు. కాగితాలు చివరిదాకా చదివి కళ్ళజోడు తీశాడు.

"నలభై మూడు ఊళ్ళకి గీతలు గీశారమ్మా ఈ పట్టికతో. ఇప్పుడు పట్టికే తప్పంటే ఏమవుతుందో ఆలోచించావా?"

"ఆలోచించాను సార్. కొన్ని ఊళ్ళకి పెరుగుతుంది, కొన్నిటికి తగ్గుతుంది. నిజం తేలుతుంది."

"నిజం! రోడ్డెక్కుతారు. పేపర్లు మనల్ని చీల్చి చెండాడతాయి. పైగా నీ ఊరికి పద్దెనిమిది బారలు పోతాయి. నువ్వు దీని మీద సంతకం పెట్టి ఊళ్ళోకి వెళ్ళగలవా?"

"అది నేను చూసుకుంటాను సార్. మీరు ముందుమాటలా ఒక్క పేజీ రాసి పంపండి."

"నేను రాయను," అన్నాడాయన నిదానంగా. "నీ పేరు మీద పంపుకో. ఆపను. అంతకంటే నన్ను అడగకు."

అరిచే మనిషయితే ఆమె కూడా అరిచేది. ఇలా మెత్తగా చేతులు దులుపుకునేవాళ్ళ ముందు ఏమీ చేతకాదు. తలుపు కొంచెం గట్టిగా వేసి వచ్చింది, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం బండియ్య ఆమె ఫ్లాటుకు వచ్చాడు. ఎప్పుడొచ్చినా ఎండు నెత్తళ్ళు తెచ్చేవాడు, ఈసారి చేతులూపుకుంటూ వచ్చాడు. కాగితం సంగతి ఆయనకు ఎలాగో తెలిసింది. సోఫా మీద కాకుండా నేల మీద గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"ఆ గోదారోళ్ళకి అన్నేయం జరిగింది. ఒప్పుకుంతాను. వోళ్ళది దిద్దు. మనది ఒగ్గీ."

"ఒకే పట్టిక మావా. వాళ్ళకి తప్పు, మనకి ఒప్పు ఎలా అవుతుంది?"

"గోదారి కలిసిన కాడ తప్పంతాది అని రాయి. మన కాడ గోదారి నేదు కదా? అబద్దం రాయమనట్లేదు నాను. ఒక్క ముక్క రాయకు, అంతే."

నిజానికి గురువారం మధ్యాహ్నం పైడితల్లి చేసింది అదే. నది సంగతి ఒక్కటే ఉన్న కాగితం వేరే రాసి దాచుకుంది. చాలా బాగా వచ్చింది అది, ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. పన్నెండు బారల గీత పడితే శెంకుదిబ్బ గుట్టల ముందే ఓడ నిలబడుతుంది. ఇంజను మోత ఇళ్ళలోకి వినిపిస్తుంది. దండ వేసిన చేతులు, దిష్టి తీసిన చేతులు, అన్నీ గుర్తొచ్చాయి. ఒక్క ముక్క రాయకపోతే చాలు.

"రేపు ఓడల కంపెనీ వాళ్ళు థర్మామీటరు వదిలితే బయటపడదా మావా? అప్పుడు పాతమొగ కాగితం కూడా బుట్టలో పడేస్తారు."

"వోళ్ళు వదిలినప్పుడు సూద్దాం."

అది పైకి చెప్పిన కారణం. అసలు కారణం ఆ తరవాత బయటికి వచ్చింది. "నువ్వు నాతో పన్నెండు అన్నావు మావా. నీ నోటితో అన్నావు. ఆ మాట మీద నేను ముప్పై అని ఎలా రాయను? నిన్ను అబద్ధాలకోరు అన్నవాడికీ నాకూ తేడా ఏముంది?"

"నా మాట నిలబెట్టడానికి నా ఊరు ముంచీస్తావా?" అన్నాడు బండియ్య. లేచి, మంచినీళ్ళు కూడా తాగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె బాల్కనీలోంచి పిలిచింది. ఆయన వెనక్కి తిరగలేదు.

ఇరవయ్యో తేదీన కమిటీ పాత కలెక్టరేటు భవనం మేడ మీద కూర్చుంది. హాలు నిండా జనం. ఒకవైపు శెంకుదిబ్బ వాళ్ళు, వాళ్ళ ముందు బెంచీలో బండియ్య. వెనక గోడ దగ్గర గంగాద్రి, పక్కన పదహారేళ్ళ మనవరాలు. పైడితల్లి తొమ్మిది పేజీలూ చదివింది. చలినీరు, వరదనీరు, రెండూ. శంఖాలు ఏరేవాళ్ళు కాలు పెట్టి చూసే పద్ధతి మైలపల్లి బండియ్య చెప్పగా తెలిసిందనీ, అన్నంలో ఉప్పు సంగతి మల్లాడి గంగాద్రి చెప్పగా తెలిసిందనీ అందులో పేర్లతో సహా రాసింది. బండియ్య పేరు రాగానే శెంకుదిబ్బ బెంచీల్లో కలకలం రేగింది. ఆమె ఆగకుండా చదివింది. తన పట్టిక తప్పని, ఆ తప్పు తనదేనని చివరి పేజీలో ఉంది.

చైర్మన్ శ్రద్ధగా విన్నాడు. ప్రశ్నలు కూడా తెలివైనవే వేశాడు. ఆమెకు ఆశ పుట్టింది. కమిటీ వాళ్ళు పక్క గదిలోకి వెళ్ళి అరగంటలో తిరిగి వచ్చారు.

"డాక్టర్‌గారి నిజాయితీని కమిటీ అభినందిస్తోంది," అని మొదలుపెట్టాడు చైర్మన్. "శెంకుదిబ్బ హక్కు పన్నెండు బారలుగా నిర్ణయించాం. తక్షణం అమలు. ఇక పాతమొగ. నిబంధన ఎనిమిది ప్రకారం హద్దు తగ్గించడానికి శాస్త్రవేత్త వాంగ్మూలం చాలు. పెంచడానికి చాలదు. పెంచాలంటే అదే లోతు నుంచి సజీవంగా తీసిన శంఖాలు కావాలి, సరిపోల్చి చూడటానికి."

పైడితల్లి లేచి నిలబడింది. "అక్కడ శంఖాలు లేవు సార్! రెండేళ్ళుగా ఓడ తవ్వేసింది. నా తప్పు వల్లే తవ్వింది. సజీవంగా ఎక్కడ నుంచి తెమ్మంటారు?"

"కమిటీకి సానుభూతి ఉంది."

"సానుభూతి కాదు సార్ నేనడిగేది! ఒకే పట్టిక, ఒకే తప్పు. సగం తీసుకుని సగం వదిలేస్తారా?"

"నిబంధనలు మేం రాయలేదండీ," అన్నాడు చైర్మన్, ఎంతో మర్యాదగా. తరవాతి ఊరి పేరు పిలిచారు.

ఆమె తొమ్మిది పేజీలూ పట్టుకుని వరండాలోకి వచ్చింది. రెండు ఊళ్ళూ పోయాయి. ఒకటి తన తప్పు వల్ల, ఒకటి తన ఒప్పు వల్ల. శెంకుదిబ్బ వాళ్ళు ఆమె పక్కనుంచే దిగిపోతున్నారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

గంగాద్రి మనవరాలి భుజం మీద చెయ్యి వేసి దగ్గరకొచ్చాడు. పైడితల్లి, "హైకోర్టుకి వెళ్దాం గంగాద్రిగారూ, నేను సాక్ష్యం చెబుతాను," అంది.

"చూద్దామండి, ఆయ్," అన్నాడాయన, వినీ విననట్టు. "మేడంగారూ, తమరు చదివిన కాగితం ఉంది కదండి. మా నాన్న పదకొండు బారలు దిగేవోడని అందులో అచ్చంగా రాశారండి. అది ఒక కాపీ ఇప్పిత్తారా?"

"కాపీనా? దానికి ఇప్పుడు విలువ లేదండీ. కమిటీ తీసుకోలేదు."

"కమిటీకి కాదండి. మా ఊరికండి. మీ మిసను నాలుగు బారలని చెప్పిన కాడనుంచి మా పిల్లలు నవ్వుతున్నారండి. తాత మోకాల్లోతులో ఏరుకుని, పదకొండు బారలని కోతలు కోశాడు అంటన్నారండి. ఆయన చెవులు రెండూ పోయాయండి ఆ దిగుడికి. చచ్చిపోయే ముందు మేం పిలిస్తే వినపడేది కాదండి ఆయనకి."

పైడితల్లి, "నేనే వస్తాను," అంది. "మీ ఊరు వచ్చి అందరి ముందూ నేనే చదువుతాను. తప్పు నాదని నా నోటితోనే చెబుతాను."

గంగాద్రి తల అడ్డంగా ఊపాడు. ఆయన ముఖంలో కోపం లేదు.

"వద్దండి. తమరు చదివితే అది మీ మాట అవుద్దండి. ఇదిగో, మా మనవరాలు చదువుద్ది. అప్పుడు మా నాన్న మాట అవుద్దండి."

ఆమె కాగితాలు పట్టుకుని మెట్ల కింద జిరాక్స్ బల్ల దగ్గరకు వెళ్ళింది. కుర్రది పక్కనే నిలబడి ఒక్కొక్క పేజీ వేడిగా బయటికి వస్తుంటే వరసలో పెట్టుకుంటోంది. తొమ్మిదో పేజీ అవుతుండగా వెనక నుంచి బండియ్య గొంతు వినిపించింది.

"నాకూ ఒకటి తియ్యించు."

పైడితల్లి తిరిగి చూసింది. ఆయన ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు.

"మావా, నీకెందుకు?"

"ఊళ్ళో అడుగుతారు కదే, సముద్రం ఎవలు కోసీసినారని. అందులో నా పేరుంది, నీ పేరుంది. సూపించాల." ఆయన జేబులోంచి తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "సంతకం ఎట్టి ఇయ్యి."

ఆమె మిషను వాడికి ఇంకో కాపీ చెప్పింది. పెన్ను తీసి, రెండిటి మీదా ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టింది. ఒకటి పిల్ల చేతికిచ్చింది, ఒకటి మావయ్య చేతికిచ్చింది.